మీ వార్డులో అందరికీ ఆట స్థలం: బెంగళూరులో గ్రౌండు ప్లాన్ చేసుకోవడం ఎలా

మహదేవపుర వైపు మా ఇంటి వెనక ఎకరంన్నర గ్రౌండు ఉంది. పదిహేనేళ్ళ కిందట దాని చుట్టూ రాగి చేలు ఉండేవి. ఇప్పుడు ఆరు అపార్ట్‌మెంట్లు, వరసగా పీజీలు, వెనక సందులో బిల్డింగు పనివాళ్ళ రేకుల షెడ్లు. దాన్ని బాగుచేస్తామని మొదటిసారి ఒక కాంట్రాక్టరు వచ్చినప్పుడు చేతిలో అప్పటికే గీసిన బొమ్మ ఉంది. చుట్టూ టైల్స్ వేసిన వాకింగ్ ట్రాక్, ఒక మూల ఓపెన్ జిమ్, ఇంకో మూల ఫౌంటెన్, పిల్లలు రోజూ ఆడుకునే నట్టనడుమ లాన్. లాన్‌లోకి అడుగుపెట్టరాదని బోర్డు పెట్టే చోటు కూడా అందులో గుర్తుపెట్టారు. ఆ బొమ్మను ఆపి మళ్ళీ మొదటినుంచి ప్లాన్ వేయించుకోవడానికి మాకు రెండేళ్ళు పట్టింది. మీ లేఅవుటులోనో వార్డులోనో ఇలాంటి పని మొదలవుతుంటే ఆ రెండేళ్ళు మీకు వృథా కాకూడదని ఇది రాస్తున్నాను.

మొదటి అడుగు: నోటుబుక్కు పట్టుకుని కూర్చోండి

ఒక బుధవారం, ఒక శనివారం, ఒక ఆదివారం ఎంచుకోండి. వానలు లేని వారం అయితే మేలు, పరీక్షల నెల మాత్రం వద్దు. ఉదయం ఐదున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా ఇద్దరిద్దరు వంతులవారీగా కూర్చోవాలి. పావుగంటకోసారి రాసుకోవాలి: ఎంతమంది ఉన్నారు, ఆడవాళ్ళెందరు మగవాళ్ళెందరు, ఇంచుమించు వయసు, ఏం చేస్తున్నారు, గ్రౌండులో ఏ వైపున ఉన్నారు. ఈ చివరిది చాలామంది రాయరు. మాకు ఎక్కువ సంగతులు చెప్పింది అదే.

మా పుస్తకంలో ఒక బుధవారం ఇలా ఉంది. 5:40కి రిటైరైన పెద్దవాళ్ళు పదకొండు మంది, గోడ వెంబడి నడక. 6:50కి అపార్ట్‌మెంట్లలో పనికి వెళ్ళే ఆడవాళ్ళు పద్నాలుగు మంది, గ్రౌండు మధ్యలోంచి అడ్డదారిన. 12:15కి డెలివరీ కుర్రాళ్ళు తొమ్మిది మంది, కానుగ చెట్టు కింద బండ్లు పెట్టుకుని భోజనం. 4:20కి షెడ్ల పిల్లలు ఇరవైమంది, చెప్పులే వికెట్లు. 5:30కి పెద్ద కుర్రాళ్ళు వచ్చారు, పిల్లలు మూలకు జరిగారు. 5:45కి ఆడపిల్లలు నలుగురు గేటు దగ్గరే ఆగి, లోపలికి చూసి, వెనక్కి వెళ్ళిపోయారు. 6:40కి చీకటి.

ఈ ఒక్క పేజీలో సగం ప్లాన్ ఉంది. అడ్డదారిన వెళ్ళే ఆడవాళ్ళకు చక్కటి కాలిబాట కావాలి. మధ్యాహ్నం నీడలో కూర్చునేవాళ్ళకు ఒక కుళాయి, నాలుగు అరుగులు కావాలి. వెనక్కి వెళ్ళిపోయిన ఆ నలుగురు ఎందుకు వెళ్ళారో తెలుసుకోవాలి. గీసుకొచ్చిన బొమ్మలో వీళ్ళెవరూ లేరు.

తర్వాత గ్రౌండుకు అసలు రానివాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ‘మీకేం కావాలి?’ అని అడిగితే ‘ఏదైనా పరవాలేదండీ’ అంటారు. ‘నిన్న సాయంత్రం ఐదింటికి ఎక్కడున్నారు?’ అని అడగండి, అప్పుడు మాట బయటికొస్తుంది. పీజీ అమ్మాయి ఆఫీసు క్యాబ్‌లో ఉన్నానంటుంది. షెడ్డులో ఉండే అమ్మ నీళ్ళ ట్యాంకరు కోసం నిలబడ్డానంటుంది. ఆదివారం మధ్యాహ్నం మాత్రమే తనకు ఖాళీ అని అప్పుడు తెలుస్తుంది.

మనకు ఇంకో జాగ్రత్త కావాలి. ఈ నగరంలో కన్నడ పక్కన తెలుగు, తమిళం, ఉర్దూ, మలయాళం, హిందీ ఒకే సందులో వినిపిస్తాయి. బెళ్ళందూరు, వర్తూరు వైపు తరతరాలుగా తెలుగు మాట్లాడే ఇళ్ళున్నాయి, నిన్న అనంతపురం నుంచి బస్సు దిగినవాళ్ళూ ఉన్నారు. మన భాషవాళ్ళ తలుపులే తట్టి సర్వే అయిపోయిందనుకోవడం తేలిక. మొదటి వారం నేను చేసింది అదే. రెండో వారం కన్నడం బాగా వచ్చిన ఒక పెద్దాయన్ని, హిందీ మాట్లాడే ఒక టీచరమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాక లెక్కంతా మారిపోయింది. రాయచూరు వైపు నుంచి వచ్చిన పిల్లలకు ఖోఖో బాగా వచ్చు. పీజీల్లో ఉండే ఈశాన్య రాష్ట్రాల కుర్రాళ్ళు ఫుట్‌బాల్ ఆడే చోటు కోసం వెతుక్కుంటున్నారు. నలభై దాటిన మన ఆడవాళ్ళు, తమిళ ఆడవాళ్ళు బడిలో టెన్నికాయిట్ (రింగు ఆట), బాల్ బ్యాడ్మింటన్ ఆడినవాళ్ళే, పెళ్ళయ్యాక రింగు పట్టుకోలేదంతే. పాత ఊరి కన్నడ కుటుంబాల్లో గరడి మనెలో (వ్యాయామశాలలో) సాము చేసిన తాతలు ఇంకా ఉన్నారు.

రెండో అడుగు: ఆ స్థలం కాగితాల్లో ఏమిటో తేల్చుకోండి

కళ్ళకు ఖాళీగా కనబడేదంతా గ్రౌండు కాదు. అది పార్కుకు వదిలిన స్థలం కావచ్చు, సీఏ సైటు (పౌర సౌకర్యాలకు వదిలిన స్థలం) కావచ్చు, గోమాళం (పశువుల మేత భూమి) కావచ్చు, చెరువు అంచో రాజకాలువ (పెద్ద వాననీటి కాలువ) పక్క నేలో కావచ్చు. ప్రతిదానికీ వేరే ఆఫీసు, వేరే నియమం. ముందు ఫోన్‌లో దిశాంక్ యాప్ తెరిచి అక్కడ నిలబడితే సర్వే నంబరు కనబడుతుంది. ఆ నంబరుతో పహణి (భూమి హక్కుల రికార్డు) తీయించండి. లేఅవుటు అయితే మంజూరైన ప్లాన్ కాపీ సంపాదించండి, అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ప్రైవేటు లేఅవుటు అయితే పార్కు స్థలాన్ని అధికార సంస్థకు అప్పగించిన రిలింక్విష్‌మెంట్ డీడ్ ఉందో లేదో తప్పక చూడాలి. అది లేకపోతే ఏదో ఒక రోజు ఎవరో కంచె వేస్తారు.

చట్టం మన వైపు గట్టిగానే ఉంది. బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ (బీడీఏ) చట్టం, 1976 ప్రకారం లేఅవుటు మొత్తం విస్తీర్ణంలో కనీసం 15 శాతం పార్కులకు, ఆట స్థలాలకు, దానికి అదనంగా కనీసం 10 శాతం పౌర సౌకర్యాలకు వదలాలి. వాటిని వేరే పనికి ఇచ్చేయకుండా అదే చట్టంలో 38-ఏ సెక్షన్ ఉంది. కర్ణాటక పార్కులు, ఆట మైదానాలు, ఖాళీ స్థలాల సంరక్షణకు 1985లో విడిగా ఒక చట్టం వచ్చింది. ఇవన్నీ కాగితం మీది మాటలే అనుకోకండి. సదాశివనగరలో పార్కుకు వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్‌హోముకు కేటాయిస్తే, చుట్టుపక్కలవాళ్ళు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తీర్పు ఇచ్చింది, అక్కడ నివసించేవాళ్ళకు దాన్ని ప్రశ్నించే హక్కు ఉందని స్పష్టంగా చెప్పింది. ఆఫీసులో ఎవరైనా ‘మీకేం సంబంధం?’ అంటే ఈ తీర్పు కాపీ చేతిలో పెట్టండి.

2025 సెప్టెంబరులో పాత నగర పాలక సంస్థ బీబీఎంపీ స్థానంలో ఐదు కార్పొరేషన్లు వచ్చాయి, వాటిపైన గ్రేటర్ బెంగళూరు అథారిటీ. పాత ఫైలు నంబర్లు పట్టుకుని తిరిగేవాళ్ళు తమ వార్డు ఇప్పుడు ఏ కార్పొరేషన్‌లో ఉందో, ఫైలు ఎక్కడికి వెళ్ళిందో ముందు రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

మూడో అడుగు: ఎంత కావాలి, ఎంత ఉంది

పట్టణ ప్రణాళికల కోసం కేంద్రం 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు ఒక కొలత చెబుతాయి. 5,000 మందికి అర హెక్టారు పార్కు, 15,000 మందికి ఒక హెక్టారు, లక్ష మందికి 5 హెక్టార్లు. నగరం మొత్తం మీద మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలంటాయి. 35,000 మంది ఉండే వార్డుకు మనిషికి పది చొప్పున చూసినా 35 హెక్టార్లు, అంటే 86 ఎకరాలు. 2011 జనాభా లెక్కలకే బీబీఎంపీ పరిధిలో 84 లక్షల మంది ఉన్న ఊరిది. ఇప్పుడు ఒక వార్డులో 86 ఎకరాలు ఎవరు వెతికి తెస్తారు?

అందుకే గంటలు లెక్కపెట్టమంటాను. ఉదయం ఐదున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉండే గ్రౌండుకు వారానికి నూట ఎనిమిది గంటలకు పైనే ఉంటాయి. మా గ్రౌండులో జనం కిటకిటలాడేది వాటిలో పాతిక గంటలు కూడా కాదు. మిగతా గంటల్లో తాళమైనా ఉండేది, ఎండైనా ఉండేది, చీకటైనా ఉండేది. తాళం తీస్తే, నీడ పెంచితే, దీపం పెడితే కొత్తగా సెంటు భూమి కొనకుండానే చోటు పెరుగుతుంది. నగరంలోని పార్కులను ఉదయం 5 నుంచి రాత్రి 10 దాకా తెరిచి ఉంచాలని 2024లో ఆదేశం వచ్చింది కూడా. మీ పార్కు గేటుకు మధ్యాహ్నం తాళం వేస్తుంటే అడగాల్సింది మీరే.

చుట్టూ అర కిలోమీటరులో ఉన్న బడుల గ్రౌండులూ లెక్కలో వేసుకోండి. బడి వదిలాక, ఆదివారాల్లో అవి ఖాళీ. ప్రధానోపాధ్యాయులు భయపడేది రెండింటికే: కిటికీ అద్దాలు పగిలితే ఎవరు కడతారు, ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది. ఆ రెండింటికీ రాతపూర్వకంగా జవాబు పట్టుకునే వెళ్ళండి.

నాలుగో అడుగు: ఏ ఆటకు ఎంత చోటు

సమావేశంలో ఎవరో ఒకరు స్టేడియం కావాలంటారు. అప్పుడు టేపు తీయండి. అంతర్జాతీయ కొలతల ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు, అంటే 7,140 చదరపు మీటర్లు. మా ఎకరంన్నర మొత్తం కలిపినా 6,070. నాలుగు వందల మీటర్ల ట్రాక్ మాట ఇక చెప్పక్కర్లేదు. వాటికి నగరం స్థాయిలో కంఠీరవ స్టేడియం ఉంది, 1997 జాతీయ క్రీడల కోసం కట్టిన కోరమంగల ఇండోర్ స్టేడియం ఉంది. మెట్రో పర్పుల్ లైన్ 2023 అక్టోబరులో వైట్‌ఫీల్డు దాకా పూర్తయ్యాక, పరుగులో చురుకైన పిల్లల్ని మా వైపు నుంచి కంఠీరవకు పంపడం సులువైంది. వార్డు గ్రౌండు పని వేరు. ఇంటి నుంచి నడిచి వచ్చేవాళ్ళది అది.

మన ఆటలు నిజానికి చాలా తక్కువ చోటు అడుగుతాయి. కబడ్డీకి మగవాళ్ళ కోర్టు 13 మీటర్లు, 10 మీటర్లు. ఆడవాళ్ళది 12, 8. వాలీబాల్ 18, 9. చుట్టూ మూడేసి మీటర్లు వదిలితే 24, 15. ఖోఖో 27, 16. బాల్ బ్యాడ్మింటన్ 24, 12. టెన్నికాయిట్ 12.2, 5.5 చాలు. వీటన్నింటికీ ఒక్కో కోర్టు, చుట్టూ కాస్త జాగా వేసుకున్నా మా గ్రౌండులో సగం మిగిలింది. ఆ సగాన్ని ఏమీ కట్టకుండా వదిలేయించడానికి మేం అన్నింటికన్నా ఎక్కువ పోట్లాడాం. చిన్నపిల్లల గిల్లీదండా, ఏడుగురి ఫుట్‌బాల్, గాలిపటం, సైకిలు నేర్చుకోవడం, ఇవన్నీ ఏమీ కట్టని చోటే జరుగుతాయి.

పోళ్ళను కాంక్రీటులో పాతేయకండి. నేలలో ఇనుప గొట్టం పాతి, దాంట్లో పోలు దించి, ఆట అయ్యాక తీసి పెట్టుకునేలా చేయించండి. ఒకే కోర్టు ఉదయం టెన్నికాయిట్‌కు, సాయంత్రం వాలీబాల్‌కు పనికొస్తుంది. కోర్టు పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి, లేదంటే సాయంత్రం ఒక జట్టు కళ్ళలో ఎండ కొడుతుంది. మా దగ్గర వాలీబాల్ కోర్టు మొదట తూర్పు పడమరలుగా గీశారు. సున్నం గీతే కాబట్టి మర్నాడే చెరిపి తిప్పాం.

అయిదో అడుగు: నేల, నీళ్ళు

ఎండాకాలంలో మధ్యాహ్నం ప్లాస్టిక్ గడ్డి మీద అరిచేయి పెట్టి చూడండి, పక్కనే ఉన్న మట్టి మీదా పెట్టండి. ఆ తర్వాత నేను వాదించాల్సిన పని ఉండదు. ఆ టర్ఫు కొన్నేళ్ళకు మార్చాలి, ఆ ఖర్చు కోసం గంటకింతని వసూలు మొదలవుతుంది, మొదలైన రోజే షెడ్ల పిల్లలు బయటికి పోతారు. మట్టి నేలే మంచిది. అయితే దాన్ని సరిగా చేయించాలి: చదును చేసి, మొరం పరిచి, తడిపి, రోలరు తిప్పి, మధ్య నుంచి అంచులకు నూరు మీటర్లకు ఒక మీటరు వాలు ఇస్తే నీళ్ళు నిలవవు. నడక బాటకూ టైల్స్ వద్దు. తడిస్తే జారతాయి, పెద్దవాళ్ళ మోకాళ్ళకు మంచివి కావు. ఎకరం నేల చదరంగా ఉంటే చుట్టుకొలత 250 మీటర్లు, నాలుగు చుట్లకు కిలోమీటరు.

2022 సెప్టెంబరులో సర్జాపుర రోడ్డు, ఔటర్ రింగ్ రోడ్డు వైపు ఇళ్ళలోకి నీళ్ళొచ్చింది ఎవరూ మరిచిపోలేదు. 2024 మార్చిలో తోటలకు తాగునీళ్ళు పోస్తే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించిందీ గుర్తుంది. ఈ రెండింటికీ గ్రౌండు పనికొస్తుంది. రోడ్డు కంటే ఒక అడుగు పల్లంగా ఉంచి, అంచుల్లో ఇంకుడు గుంతలు తవ్విస్తే, పెద్ద వాన రోజు ఎకరానికి పన్నెండు లక్షల లీటర్లకు పైగా నీళ్ళు అక్కడే ఆగుతాయి. ఒకటి రెండు రోజులు ఆట ఆగుతుంది, సందులో ఇళ్ళు మునగవు. కాంట్రాక్టర్లు మాత్రం మట్టి పోసి ఎత్తు చేద్దామంటారు. ఒప్పుకోవద్దు. చెట్లకు అపార్ట్‌మెంట్ల ఎస్టీపీలో (మురుగునీటి శుద్ధి యంత్రంలో) శుద్ధి చేసిన నీళ్ళు వాడుకోండి.

ఆరో అడుగు: భయం లేకుండా లోపలికి రాగలగాలి

గేటు దగ్గర ఆగి వెనక్కి వెళ్ళిన ఆ నలుగురు ఆడపిల్లల్ని తర్వాత కలిశాం. ఒక అమ్మాయి చెప్పింది: ‘ఉన్నది ఒకటే గేటు ఆంటీ. వాళ్ళంతా ఆ గేటు గోడ మీదే కూర్చుంటారు. లోపలికెళ్తే మళ్ళీ వాళ్ళ ముందునుంచే రావాలి.’ ఎవరూ ఏమీ అనలేదు, ఏమీ చేయలేదు. ఒకటే గేటు ఉంది, అంతే. ఎదురు మూలలో గోడ కొట్టి రెండో గేటు పెట్టించాం. మొత్తం పనిలో అతి తక్కువ ఖర్చయింది దానికే. వియన్నా నగరంలో 1990ల్లో పార్కుల మీద అధ్యయనం చేస్తే, తొమ్మిది పదేళ్ళు దాటిన ఆడపిల్లలు రావడం తగ్గిపోతోందని తేలింది. దారులు పెంచి, స్థలాన్ని చిన్నచిన్న భాగాలు చేసి, వాలీబాల్ లాంటి ఆటలకు చోటిస్తే మళ్ళీ వచ్చారు. మా ఆడపిల్లల మాటా అదే.

కాంపౌండు గోడ నడుము ఎత్తు మించకుండా కట్టి పైన గ్రిల్ వేయించండి. రోడ్డున పోయేవాళ్ళకు లోపల కనబడాలి, లోపలివాళ్ళకు రోడ్డు కనబడాలి. ఆడవాళ్ళ మరుగుదొడ్డి వెనక మూలలో కట్టకండి, వాచ్‌మన్ గది పక్కనే, దీపం కింద ఉండాలి. లేకపోతే అరగంటకు మించి ఏ ఆడమనిషీ ఉండదు. దీపాలు ఆట స్థలం మీదికి వంగి ఉండాలి, ఎదురు ఫ్లాట్ల పడకగదుల్లోకి కాదు. ఆ ఒక్క కారణంగా ఫిర్యాదు వచ్చి మా దీపాలు నెల రోజులు ఆరిపోయాయి.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో 30వ సెక్షన్ క్రీడల గురించే. ర్యాంపు వాలు పన్నెండుకు ఒకటి మించకూడదు: అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు కావాలి. బైకులు రాకుండా గేటుకు అడ్డంగా పాతే ఇనుప కమ్మీలు చక్రాల కుర్చీని కూడా ఆపేస్తాయి, మధ్యలో మూడడుగుల సందు వదలండి. అంధుల క్రికెట్‌లో బంతి గలగలమనే శబ్దాన్ని బట్టి ఆడతారు. మీ దగ్గర ఆడేవాళ్ళుంటే వాళ్ళకు లౌడుస్పీకరు మోగని ఒక గంట సమయం కావాలి.

ఏడో అడుగు: టైంటేబుల్

అన్నింటికన్నా కష్టమైనది, అన్నింటికన్నా అవసరమైనది ఇది. టైంటేబుల్ లేని గ్రౌండు బలమున్నవాళ్ళదవుతుంది, మన దగ్గర బలమున్న ఆట క్రికెట్. మా దగ్గర కుదిరింది చెబుతాను. రోజూ 4 నుంచి 5:15 దాకా పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకే పెద్ద భాగం. మంగళ, గురు, శని సాయంత్రాలు ఒక కోర్టు పూర్తిగా ఆడవాళ్ళకు. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు షెడ్ల కుటుంబాలకు, ఆ సమయంలో టోర్నమెంటు పెట్టకూడదు. గట్టి బంతి ఎప్పుడూ వద్దు, టెన్నిస్ బంతే. ఆడవాళ్ళ సమయానికి ఎవరూ రాకపోయినా మొదటి మూడు నెలలు వేరేవాళ్ళకు ఇవ్వకూడదు. ఇది తప్పకుండా పాటించండి. మొదటి రెండు వారాలు మా కోర్టు ఖాళీగానే ఉంది, కుర్రాళ్ళు గొణిగారు. మూడో వారం ఇద్దరొచ్చారు.

పండగల రోజులు ఏడాది మొదట్లోనే రాసిపెట్టుకోవాలి. వినాయకుడి పందిరి, కన్నడ రాజ్యోత్సవం, మన ఉగాది, దుర్గాపూజ, ఇఫ్తార్, క్రిస్మస్ ఎవరికి ఎన్ని రోజులో అందరూ కలిసి కూర్చున్నప్పుడే తేల్చాలి. పందిరి గుంజలు తీశాక గుంటలు పూడ్చే పూచీ పందిరి వేసినవాళ్ళదే. బోర్డు పైన కన్నడం, కింద మిగతా భాషలు, చదవలేనివాళ్ళకు గడియారం బొమ్మ, ఆట బొమ్మ.

డబ్బు గురించి ఒక్క మాట. కట్టడానికి నిధులు వస్తాయి, శిలాఫలకం మీద పేరు ఉంటుంది కనుక. వాచ్‌మన్ జీతం, మరుగుదొడ్డి శుభ్రం, సున్నం, నెట్లు, కాలిన బల్బులు: వీటికి ఏడాది పొడుగునా ఎవరు ఇస్తారో రాసి సంతకం చేయించుకోకుండా ఒక్క ఇటుక కూడా పెట్టనివ్వకండి.

చివరి అడుగు: మళ్ళీ అదే నోటుబుక్కు

తెరిచిన మూడు నెలలకు అదే మూడు రోజులు, అదే గంటలు కూర్చుని మళ్ళీ లెక్క రాయండి. మొదటి లెక్కలో లేనివాళ్ళు ఎవరొచ్చారు, ఉన్నవాళ్ళలో ఎవరు మానేశారు, ఆ రెండూ చూసి టైంటేబుల్ మార్చాలి. మాకు మధ్యాహ్నపు డెలివరీ కుర్రాళ్ళు తగ్గినట్టు కనబడింది. వెళ్ళి అడిగితే, కొత్త వాచ్‌మన్ బండ్లు లోపల పెట్టనివ్వడం లేదని చెప్పారు. కానుగ చెట్టుకు ఆనుకుని గోడ బయట పది బండ్లకు జాగా గీయించాం. అదే పుస్తకంలో బుధవారం 5:45 వరసలో, ఈసారి రెండో గేటు దగ్గర, ఆడపిల్లలు తొమ్మిది మంది, ఒక రింగు.